సాగదీతా, ఆధారాల అమరిక లోపమా?

నవలల ఆధారంగా వచ్చే అపరాధ పరిశోధన సీరియళ్లు నత్తనడక నడుస్తున్నాయన్న ప్రేక్షకుల ఫిర్యాదులో సగమే నిజం. నవలలో ఒక పేరాలో తేలిపోయే పాత్ర ఆలోచన, తెరమీద కిటికీ పక్కన 2 నిమిషాల మౌనమవుతుంది. ఆ మౌనంలో అనుమానించడానికి ఏదో ఒకటి దొరికితే నిదానం బరువనిపించదు. అసలు చిక్కు వేరే ఉంది. మొదటి భాగంలో 2 సెకన్లు కనిపించిన తాళంచెవి ఆరో భాగంలో కీలకమవుతుంది. వారానికొకటి చూసేవారికి అప్పటికి నెల దాటిపోయి ఉంటుంది. ‘ఇంతవరకు జరిగిన కథ’ అని వేసే తునకల్లో కొట్లాటలూ కన్నీళ్లే తప్ప ఆ తాళంచెవి ఉండదు, గుట్టు బయటపడుతుందని భయం కాబోలు. మరో రెండు వస్తువులతో కలిపి చూపితే గుట్టూ దక్కుతుంది, గుర్తూ ఉంటుంది. మొదటి రెండు భాగాలు ఒకేరోజు ప్రసారం చేయాలి. 8 భాగాలకు చాలని కథను ఆరింటితోనే ముగించాలి.