ఆ ఫెర్గూసన్ కొనే ముందు

తెనాలి

చిన్నా,

షెడ్డులో పడి ఉన్న ఆ పాత ఫెర్గూసన్ ట్రాక్టర్ కొనాలా వద్దా అని నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు షాపులో బేరం ఉంది. నిలబడి నాలుగు మాటల్లో తేల్చే సంగతి కాదు ఇది, అందుకే రాస్తున్నాను. ఈ కాగితం జేబులో పెట్టుకుని ఆ షెడ్డుకి వెళ్తే అక్కడా పనికొస్తుంది.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. మీ నాన్న మాత్రం "నడవని బండికి డబ్బులేంటి" అంటున్నారు. ఏళ్ల తరబడి కిరాయిలకి బండి తిప్పిన మనిషి, ట్రాక్టర్ అంటే రోజుకి ఎన్ని ఎకరాలు దున్నింది, ఎంత డీజిల్ తాగింది అనే లెక్కే ఆయనకి. నాకు మాత్రం నీ కోరిక నచ్చింది. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చునే పిల్లాడు చేతులకి గ్రీజు పూసుకుని ఒక పాత యంత్రాన్ని లేపి నిలబెడతానంటే ఏ తల్లికి సంతోషం ఉండదు? అయితే ఇన్నేళ్లుగా ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ అమ్ముతున్న మనిషిని కాబట్టి, ఏం చూసి కొనాలో, ఏం చూసి వెనక్కి తిరగాలో నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇంజిను తిరగకుండా పట్టేసిందని అమ్మే ఆయన చెప్పాడన్నావు. నీ టెన్షన్ అంతా దాని మీదే ఉన్నట్టుంది. చిన్నా, ఆ బండిలో అన్నిటికంటే తక్కువ భయపడాల్సింది ఇంజిను గురించే. నువ్వు పంపిన ఫోటోల్లో ఉన్నది 1035 మోడల్. దానికి మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిను, సుమారు రెండున్నర లీటర్లది. ఇంగ్లండులో పెర్కిన్స్ వాళ్ల డిజైను, దాన్ని మద్రాసులో సింప్సన్ వాళ్లు తయారుచేశారు. 1960లో మద్రాసులో, ఈ బండ్లని తయారుచేసే టాఫే కంపెనీ మొదలైన దగ్గర నుంచి ఈ ఫెర్గూసన్లు మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఎన్ని తిరిగాయో చెప్పలేను. అందుకే లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, హెడ్ గాస్కెట్, ఏది కావాలన్నా పొద్దున విజయవాడ ఆటోనగర్‌కి ఫోన్ చేస్తే సాయంత్రానికి దిగుతుంది. క్రాంకు గ్రైండింగ్ చేసేవాళ్లూ, లైనర్లు మార్చి బోరు సరిచేసేవాళ్లూ ఆ వీధుల్లోనే ఉన్నారు. డబ్బు అవుతుంది, నిజమే. కానీ డబ్బుతో అయ్యే పని అది.

డబ్బు పెట్టినా దొరకనివి మూడున్నాయి. పోత ఇనుము ముక్కలు, రేకులు, కాగితాలు. నువ్వు షెడ్డుకి వెళ్లాక ఎక్కువసేపు చూడాల్సినవి అవే.

పోత సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఫోటోల్లో ఇది కనపడదు. ట్రాక్టర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజిను బ్లాకు, గేరుబాక్సు, వెనక హౌసింగు, ఈ మూడూ ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే ఛాసిస్. ముందు యాక్సిల్‌ని పట్టుకుని ఉండే పోత ముక్క కూడా ఇంజినుకే బిగించి ఉంటుంది. దమ్ములో ఇనుప పట్టీల కేజ్ వీల్స్ వేసి, బురదలో దిగబడిన బండిని ఇంకో బండితో గొలుసు కట్టి లాగిన రోజులు ఆ ఫెర్గూసన్‌కి చాలా ఉండి ఉంటాయి. అలాంటప్పుడు పగుళ్లు వస్తాయి. పైన గ్రీజు, మట్టి గట్టిపడి ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. ఒక వైరు బ్రష్, సీసాలో కాస్త కిరోసిన్, ఒక సుద్దముక్క తీసుకెళ్లు. అతుకుల దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ గీకి శుభ్రం చేసి, కిరోసిన్ రాసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచెయ్. తర్వాత దాని మీద సుద్ద రుద్దు. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి, సన్నటి తడి గీత తేలుతుంది. వెల్డింగ్ చేసిన ఆనవాళ్లు కనపడినా అంతే జాగ్రత్త. పోత ఇనుముకి వేసిన వెల్డింగ్ ఎంతకాలం పట్టి ఉంటుందో చేసినవాడు కూడా చెప్పలేడు. వెనక హౌసింగులో అలాంటిది కనపడితే బేరం ఆడకుండా వచ్చెయ్.

నువ్వు చూసే విదేశీ వీడియోల్లో చలికి నీళ్లు గడ్డకట్టి బ్లాకులు పగిలాయని చెప్తుంటారు. మన దగ్గర ఆ బాధ లేదు. మనకి శత్రువు వాన. ముందుగా సైలెన్సర్ గొట్టం చూడు. ఆ బండికి అది నిటారుగా పైకి ఉంటుంది. దాని మూతి మీద డబ్బా గానీ, కొబ్బరి చిప్ప గానీ బోర్లించి ఉంటే ఆ రైతు బండిని ప్రేమగానే వదిలాడని అర్థం. లేకపోతే ప్రతి వర్షాకాలం నీళ్లు తిన్నగా లోపలికి దిగి ఉంటాయి. బండి ఆపేసిన రోజు ఏ సిలిండర్‌లో పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉందో ఆ సిలిండరే ఎక్కువ తుప్పు పట్టి ఉంటుంది.

తర్వాత ఆయిల్ చాంబర్ కింద బోల్టుని కొద్దిగా వదులు చెయ్యి, పూర్తిగా తియ్యొద్దు. లోపల నీళ్లుంటే ముందు అవే కారతాయి, ఆయిల్ పైన తేలుతుంది కాబట్టి. గేరుబాక్సు, హైడ్రాలిక్, డిఫరెన్షియల్ అన్నిటికీ ఆ బండిలో ఒకటే ఆయిల్. అది మజ్జిగలా తెల్లగా ఉందంటే నీళ్లు కలిశాయి, బేరింగులూ హైడ్రాలిక్ పంపూ విప్పి చూడక తప్పదు.

ఇంజిను నిజంగా పట్టేసిందా లేదా అన్నది ఇలా తెలుస్తుంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నోజిల్స్ మూడూ ఊడదియ్యాలి. అప్పుడు కంప్రెషన్ అడ్డు ఉండదు. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, రెండో దానికి ముందూ వెనకా రాళ్లు పెట్టి, టాప్ గేర్ వేసి, లేపిన చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపు. జానెడు కదిలినా మంచిదే. కదలకపోతే నోజిల్ రంధ్రాల్లోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు వదిలెయ్యాలి. అమ్మే ఆయన అందుకు ఒప్పుకుంటే సంతోషం, లేదంటే పట్టేసిన ఇంజినుగానే లెక్కేసి ధర కట్టు. ఎవరైనా "ఇంకో బండికి కట్టి లాగేద్దాం, అదే వదులుతుంది" అంటే మాత్రం ఒప్పుకోకు. బలవంతంగా లాగితే రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుని ఉండటం కూడా మామూలే. దాన్ని మార్చాలంటే బండిని మధ్యలో రెండుగా విడదీయాలి, అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

డీజిల్ పంపు సంగతి వేరే. దానికి కందెన డీజిలే. ఏళ్లు నిలబడితే లోపల జిగురు కట్టి రోటరు బిగుసుకుపోతుంది. దాన్ని ఇంట్లో విప్పొద్దు, టెస్ట్ బెంచి ఉన్న పంపు షాపుకే పంపించాలి.

ఇక రేకులు. బానెట్, మడ్‌గార్డులు, ముందు జాలీ, డాష్‌బోర్డు. కొత్త మోడళ్లకి చేసినవి దొరుకుతాయి, కొట్టి సరిచేసి బిగిస్తే కూర్చుంటాయి కూడా. కానీ నీకు కావాల్సింది పాత బండి పాత బండిలా కనపడటం. ఆ అసలు రేకులు పాత ఇనుము కొట్లలోనే వెతకాలి. వంకరపోయినా ఫరవాలేదు, మన ఆటోనగర్ టింకర్లు సరిచేస్తారు. అసలు లేకపోతేనే కష్టం. ఫోటోలో ఎడమ మడ్‌గార్డు కనపడలేదు, షెడ్డులో ఎక్కడైనా పడి ఉందేమో అడుగు.

వెనక చక్రాల రిమ్ములు చూడటం మర్చిపోకు. బరువు కోసం టైర్లలో నీళ్లు పోయించుకుంటారు కదా, రిమ్ము లోపలి నుంచి తుప్పు తింటుంది. వాల్వు చుట్టూ ముందు పాడవుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, దిగబడితే రిమ్ము పోయినట్టే. టైర్లు ఎలాగూ మార్చాలి. వెనక 12.4-28, ముందు 6.00-16. నాలుగింటికీ అయ్యే బిల్లు ఆయన అడిగిన 70 వేలలో సగం దాటుతుంది, ముందే తెలుసుకో.

కాగితాల దగ్గర నేను మొండిగా ఉంటాను. సీ బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం, ఎవరి పేరున ఉంది? అమ్మే ఆయన తండ్రి పేరున ఉంటే ముందు వారసుడిగా ఫారం 31 మీద తన పేరున మార్పించుకోవాలి, ఆ తర్వాతే నీకు 29, 30 ఫారాల మీద అమ్మాలి. ఆ రోజుల్లో ట్రాక్టర్లు ఎక్కువగా భూమి తనఖా బ్యాంకు అప్పుతో కొన్నవే. అప్పు ఎప్పుడో తీరి ఉంటుంది, కానీ సీ బుక్కులో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న రాత, అలాగే ఉండిపోతుంది. దాన్ని కొట్టేయించాలంటే ఫారం 35, బ్యాంకు లెటరు కావాలి. రిజిస్ట్రేషన్ కూడా 15 ఏళ్లకే, తర్వాత రెన్యువల్ చేయించి ఉండాలి. ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవీ పుస్తకంలో ఉన్నవీ ఒకటేనా అని నీ కళ్లతో చూడు. ఈ బండ్లకి ఇంజిన్లు మార్చేయడం మామూలు విషయం.

2021లో కేంద్రం పాత వాహనాలకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది కదా అన్నావు. అది 50 ఏళ్లు దాటిన బైకులకీ కార్లకీ పెట్టింది, ట్రాక్టర్‌కి ఆ దారి లేదు. కాగితాలు లేకుండా తోటలోనే తిప్పుకుంటానంటే అది వేరే ధర, దాదాపు ఇనుము ధర.

ధర ఎలా కట్టాలో కూడా చెప్తాను. బండి ఒకటిన్నర టన్ను పైచిలుకు ఉంటుంది. మన వీధి చివర పాత ఇనుము కొట్టులో కిలో 30 రూపాయలు అంటున్నారు. అంటే 45 వేలు ఎవరైనా ఇస్తారు, అంతకంటే తక్కువకి ఆయన ఇవ్వడు. పైకి ఎంత పోవచ్చన్నది కాగితాలూ పోతా తేలుస్తాయి. రెండూ బాగుంటే 60 వరకు నాకు అభ్యంతరం లేదు. లోపల భాగాలు విప్పి గోనెసంచుల్లో పోసి ఉంటే ఎంత చవకైనా వద్దు. విప్పినవాడికే తెలుస్తుంది సందుల్లో పెట్టే ఏ పల్చటి రేకు, ఏ షిమ్ము ఎక్కడిదో.

ఇన్ని తలనొప్పులున్నా ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, ఆ ఫెర్గూసన్‌లో నేర్చుకోవడానికి అంత ఉంది. వెనక నాగలి కట్టే మూడు చేతుల పద్ధతిని పనిచేసేలా చేసి ప్రపంచానికి ఇచ్చింది ఐర్లండు నుంచి వచ్చిన హ్యారీ ఫెర్గూసన్. ఇవాళ మన ఊళ్లో ఏ కంపెనీ ట్రాక్టర్ వెనక చూసినా ఆ మూడు చేతులే. నాగలి లోతుగా దిగి బరువు పెరిగితే పై చెయ్యి, అంటే పై లింకు, ముందుకి నెడుతుంది, ఆ నెట్టుడుని ఒక పెద్ద స్ప్రింగు పసిగట్టి హైడ్రాలిక్‌కి చెప్తుంది, నాగలి కాస్త పైకి లేస్తుంది. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు, అంతా ఇనుమూ నూనే. సీటు వెనక ఉన్న మూత చెయిన్ బ్లాకుతో లేపిన రోజు అదంతా నువ్వు కళ్లారా చూస్తావు. మన షాపు నుంచి ఆ స్ప్రింగులు ఎన్నో పోయాయి, అవి లోపల కూర్చుని పనిచేసే చోటు చూడాలని నాకూ ఉంది. నువ్వు వెళ్లినప్పుడు ఆ పై లింకు కొక్కేన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ గుంజి చూడు, లొడలొడ ఆడకూడదు.

పని ఎక్కడ చేస్తావన్నది తేల్చుకున్నాకే అడ్వాన్సు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుదరదు. మామయ్య వాళ్ల పొగాకు బ్యారన్ ఖాళీగా ఉంది, కరెంటు ఉంది, అడిగితే కాదనడు. అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. ట్రాక్టర్ రిపేరు, మెయింటెనెన్స్ మీద కోర్సులు పెడతారు. సెలవు దొరికితే ముందు అక్కడికి వెళ్లి రా, ఆ తర్వాత స్పానర్ పట్టుకో.

రెండు సంగతుల్లో మాత్రం నా మాట దాటొద్దు. బండిని విడదీసేటప్పుడు ముందు యాక్సిల్‌కి రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించాలి. అది మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది, దిమ్మలు లేకపోతే ఇంజిను పక్కకి ఒరిగి మనిషి మీద పడుతుంది. జాకీని నమ్మి కిందకి దూరొద్దు, దిమ్మలు పెట్టాకే. రెండోది, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ క్లీనర్ గొట్టం తీసేసి, గాలి లోపలికి పోయే మూతికి అడ్డం పెట్టేందుకు చెక్క పలక పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా నిలబడాలి. పంపు ఇరుక్కుంటే ఇంజిను అదుపు తప్పి రేసు అందుకుంటుంది, డీజిల్ బండి తాళం తిప్పితే ఆగదు. గాలి మూసేస్తేనే ఆగుతుంది. అరచెయ్యి అడ్డం పెట్టొద్దని అక్కడున్న అందరికీ చెప్పు.

శనివారం వస్తానన్నావుగా. నోజిల్స్ తీసే సాకెట్లు, జాకీ, వైరు బ్రష్ షాపులో తీసి పెట్టాను. ఆయనకి ఫోన్ చేసి సీ బుక్కు ఇంట్లోనే ఉందో లేదో ముందే కనుక్కో, లేకపోతే ఆదివారం వెళ్దాం. నేనూ వస్తాను. బేరం నేను ఆడతాను, నువ్వు బండి చూసుకో.

అమ్మ