50 లక్షల కారు అమ్మి మధ్యలో వదిలేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ బిజినెస్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. మామూలు కార్లు అమ్మే కంపెనీ ఎంత మంచి సెడాన్ చేసినా దానికి 50 లక్షలు పెట్టేవాళ్లు మన దేశంలో లేరని, ఆ డబ్బుతో జనం బెంజో ఆడీయో తప్ప ఇంకోటి కొనరని రచయిత తేల్చేశారు. నేను బేగంపేటలో ట్రావెల్స్ నడుపుతున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేశాను. ఆయన మాటతో నేను ఏకీభవించలేను. అలాంటి కారుని ఏ కంపెనీ అయినా అమ్మొచ్చు, అమ్మిన తర్వాత కొన్నవాడిని వదిలేసి పోకుండా ఉంటే. మన దగ్గర వ్యవహారం చెడింది అక్కడే.

వ్యాసంలో కొంత నిజం ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో మాకు ఫోన్ చేసేవాళ్లు ముందు పేరే అడుగుతారు. "బెంజ్ ఉందా అన్నా, ఆడీ ఉందా?" అంటారు. వెనక సీటు ఎంత వెడల్పో ఒక్కరూ అడగరు. శంషాబాద్ వైపు కన్వెన్షన్ హాలు ముందు పెళ్లికొడుకు దిగేటప్పుడు ఫొటోలో కారు ముందు భాగం కనిపించాలి, అంతే. టయోటా క్యామ్రీ సెడాన్ పంపిస్తానంటే ఫోన్ పెట్టేస్తారు. అందులో తప్పేమీ లేదు, ఒక్కరోజు సంబరం అది. కానీ మా ఆఫీసు అద్దె, డ్రైవర్ల జీతాలు ఆ ఒక్కరోజు బుకింగుల మీద గడవవు.

ఏడాది పొడుగునా మా కార్లు ఎక్కేవాళ్లు వేరే. సైనిక్‌పురి నుంచి సోమాజిగూడలో ఆసుపత్రికి డయాలిసిస్ కోసం వెళ్లే పెద్దాయన ఒకరున్నారు. కొడుకు అమెరికా నుంచి నెలనెలా మాకు డబ్బు వేస్తాడు. ఎస్‌యూవీ పంపితే ఆయన కాలు అంత ఎత్తుకి ఎత్తలేరు. బెంజ్‌లో చిన్న మోడల్ పంపితే మోకాళ్లు ముందు సీటుకి తగులుతున్నాయన్నారు. క్యామ్రీ పంపినప్పుడు ఆర్మ్‌రెస్ట్‌లో ఉన్న బటన్ నొక్కి, సీటు వెనక్కి వాల్చుకుని, ఇల్లు వచ్చేదాకా నిద్రపోతారు. ఇంకోసారి ఏ కారు పంపాలో ఆయన కోడలే ఫోన్ చేసి చెబుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఔటర్ మీదుగా శామీర్‌పేట జీనోమ్ వ్యాలీకి వెళ్లే ఫార్మా కంపెనీల అతిథులూ అంతే. దారిలో ల్యాప్‌టాప్ తెరిచి పనిచేసుకోవడానికి చోటు ఉందా, కుదుపు లేదా అన్నదే చూస్తారు. వీళ్లలో సొంతంగా కారు కొనగల స్తోమత ఉన్నవాళ్లు చాలామంది. కొంటారా అని అడిగితే వాళ్లనే మాట ఒకటే: "కారు బాగుంది. తర్వాత సంగతేంటి?"

పేరే అడ్డమైతే టయోటా వాళ్ల ఎస్‌యూవీ ఫార్చ్యూనర్ సంగతి ఏం చెబుతారు? 2009 నుంచి ఉన్న బండి. పై వేరియంట్ మన ఊళ్లో రోడ్డు మీదికి వచ్చేసరికి 50 లక్షలు దాటుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడి చూడండి, కాంట్రాక్టర్ల నుంచి ప్రజాప్రతినిధుల దాకా అందరూ అందులోనే కనిపిస్తారు. దాని ముక్కు మీద ఉన్నది చిన్న కారు గ్లాంజా మీద ఉన్న గుర్తే. గ్లాంజా గుర్తుకి అంత డబ్బా అని ఎవరూ అడగలేదు. ఏ జిల్లా కేంద్రంలోనైనా దాన్ని బాగుచేసేవాళ్లు ఉన్నారని, ఐదేళ్ల తర్వాత అమ్మినా మంచి ధరే వస్తుందని కొనేవాడికి ముందే తెలుసు. ఆ నమ్మకానికి అతను లక్షలు పెడుతున్నాడు.

వ్యాసంలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల ఖరీదైన సెడాన్ ఫేటన్ గురించి రాశారు. దాని కథ సగమే చెప్పారు. అప్పటి ఫోక్స్‌వ్యాగన్ అధిపతి ఫెర్డినాండ్ పియెక్ పట్టుబట్టి చేయించిన కారు అది. 2002లో వచ్చింది. దాని కోసం జర్మనీలో డ్రెస్డెన్ నగరం మధ్య అద్దాల గోడలతో ఫ్యాక్టరీ కట్టారు. లోపల చెక్క నేల వేశారు. విడిభాగాలు ఊళ్లోని ట్రామ్ పట్టాల మీదే ప్రత్యేకమైన ట్రామ్‌లో ఫ్యాక్టరీకి చేరేవి. కింద ప్లాట్‌ఫామ్, అంటే కారు అడుగు నిర్మాణం, విలాసవంతమైన బెంట్లీ కాంటినెంటల్ జీటీది, దీనిది ఒకటే. 2016లో ఆపేసేసరికి మొత్తం తయారైనవి 84 వేల పైచిలుకు. కంపెనీకి నష్టమే, కాదనను. కానీ అమెరికాలో ఏం చేశారో చూడండి. జెట్టా, బీటిల్ లాంటి మామూలు కార్లు అమ్మే షోరూములోనే 60 వేల డాలర్లు దాటిన ఈ కారునీ పెట్టారు. 2006లోనే అక్కడ అమ్మకం మానేశారు. గట్టిగా మూడేళ్లు కూడా ఓపిక పట్టలేదు. అంత ఖర్చుపెట్టి ఫ్యాక్టరీ కట్టినవాళ్లు కొనేవాడికి నమ్మకం కుదిరే వ్యవధి ఇవ్వకపోతే తప్పు కొనేవాడిదా?

దీని పక్కన, టయోటా తన ఖరీదైన కార్లకు పెట్టుకున్న లెక్సస్ పేరుని పెట్టి చూడాలి. 1989కి ముందు ఆ పేరు ఎవరికీ తెలియదు. అంటే అమ్ముడుపోవడానికి దానికి పాత గౌరవమేమీ లేదు. పైగా దాని పెద్ద సెడాన్ ఎల్ఎస్ 400 అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే వైరింగులో, బ్రేకు లైటులో లోపాలు బయటపడ్డాయి. కొత్త పేరుకి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. వాళ్లు ఏం చేశారంటే, అప్పటికి అమ్మిన 8 వేల కార్లనీ వెనక్కి పిలిచారు. యజమానిని షోరూముకి రమ్మనకుండా ఇంటికే వెళ్లి కారు తీసుకెళ్లారు. బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి మళ్లీ ఇంటి దగ్గర పెట్టారు. డీలర్ దగ్గరలో లేని ఊళ్లకి మెకానిక్కులను విమానంలో పంపారు. 20 రోజుల్లో పని పూర్తిచేశారు. సర్వీసు సెంటర్ల బల్లల మీద గంటలు గంటలు కూర్చున్న మనిషిగా నాకు ఈ సంగతి ఎంత చెప్పుకున్నా తనివి తీరదు. లెక్సస్ పేరుని నిలబెట్టిన పనుల్లో ఇదీ ఒకటని నా గట్టి నమ్మకం.

దానికి వేరే పేరు పెట్టారు కదా, అందుకే అమ్ముడుపోయింది అంటారేమో. అదే కారుని జపాన్‌లో చాలా ఏళ్లు టయోటా సెల్సియర్ అనే పేరుతో టయోటా కారుగానే అమ్మారు. 1967లో మొదలైన సెంచురీ కూడా టయోటాదే, అక్కడి చక్రవర్తి అందులో ప్రయాణిస్తారు. సొంత దేశంలో ఆ కంపెనీ ఎక్కడికీ పోదని అందరికీ తెలుసు కాబట్టి మామూలు పేరుతోనే రాజుగారి కారు కూడా నడిచింది.

మన దగ్గర ఏం జరిగింది? మారుతి 2011లో కిజాషీ అనే సెడాన్ తెచ్చింది. జపాన్‌లో పూర్తిగా తయారైన కారుని దిగుమతి చేసుకుని 16 లక్షల పైన ధర పెట్టారు. నడిపినవాళ్లు ఇప్పటికీ దాని సస్పెన్షన్ గురించి మెచ్చుకుంటారు. కొన్నేళ్లకే అది కనిపించకుండా పోయింది. ఖరీదైన కార్లకు విడిగా షోరూములు ఉండాలన్న ఆలోచనతో మారుతి వాళ్ల నెక్సా 2015లో వచ్చింది, అప్పటికి కిజాషీ లేదు. హోండా అకార్డ్ ఒకసారి వెళ్లిపోయి, 2016లో పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారూ ఉండే హైబ్రిడ్‌గా 37 లక్షలకు తిరిగొచ్చి, మళ్లీ వెళ్లిపోయింది. స్కోడా సూపర్బ్ 2004లో వచ్చింది. ఎందరో డాక్టర్లు, ఆడిటర్లు ఇష్టపడి కొన్న కారు. 2023లో ఆపేశారు, మరుసటి ఏడాది 54 లక్షలకు దేశం మొత్తానికి 100 కార్లు తెచ్చారు. 100 కార్ల కోసం ఏ మెకానిక్ పని నేర్చుకుంటాడు? ఏ డీలర్ బంపరు, హెడ్‌లైటు తెచ్చి దాచిపెడతాడు? క్యామ్రీ ఒక్కటే 2002 నుంచి ఏదో ఒక రూపంలో ఉంటూ వచ్చింది. కర్ణాటకలోని బిడదిలో బిగిస్తారు. 2024 డిసెంబరులో 48 లక్షలకు కొత్తది తెచ్చారు, హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు. ఫార్చ్యూనర్ అంత అమ్ముడుపోదు, నిజమే. మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్‌బ్రేకర్ల మీద పొడుగు సెడాన్ అడుగు గీసుకుపోతుంది, అదీ ఒక కారణం. అయినా క్యామ్రీ నిలబడింది.

మా ట్రావెల్స్‌లో ఇలాంటి సెడాన్ ఒకటి ఉండేది. కంపెనీ పేరు చెప్పను. వెనక కూర్చున్నవాళ్లు దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పి వెళ్లేంత సుఖంగా ఉండేది. ఆ మోడల్ ఆపేశారని పేపర్లో వచ్చిన కొన్నాళ్లకి ముందు చక్రం దగ్గర లోయర్ ఆర్మ్ పోయింది. సర్వీసు సెంటర్‌లో ఆర్డర్ పెట్టామన్నారు. తర్వాత విదేశం నుంచి రావాలన్నారు. ఆ తర్వాత సర్వీస్ అడ్వైజరే మారిపోయాడు. రాణిగంజ్‌లో తెలిసిన షాపులన్నీ తిరిగాను. ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్‌కి కూడా ఫోన్లు చేయించాను. కారు షెడ్డులో ఉంది, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్ అవుతోంది. ఆ కారు నడిపే డ్రైవర్‌కి ఇంకో బండి ఇవ్వలేక, ఖాళీగా కూర్చోబెట్టి జీతమిచ్చాను. చివరికి భాగం దొరికి కారు రోడ్డెక్కాక అమ్మేద్దామంటే బ్రోకర్ ఇంజిన్ చూడలేదు, డోర్ తెరిచి కూడా చూడలేదు. "ఈ మోడల్ బంద్ అయింది కదా సేఠ్" అని చిన్న హ్యాచ్‌బ్యాక్ ధర చెప్పాడు. నా దగ్గర ఆ కారు ఎక్కి బాగుందనుకుని తనూ ఒకటి కొనాలనుకున్న డాక్టరు గారు ఈ సంగతి విని మూడు గీతల నక్షత్రం ఉన్న బెంజే కొన్నారు. ఆయనకి ఆ నక్షత్రం మీద మోజేమీ లేదు.

ఆయన చేసింది న్యాయమే. కానీ ఇలా ఒక్కో కారు వెళ్లిపోతుంటే సైనిక్‌పురి పెద్దాయన లాంటివాళ్లకి సుఖంగా ఎక్కి దిగే కార్లు తగ్గిపోతున్నాయి. ఒక కంపెనీ వదిలేసి పోతే తర్వాత వచ్చే కంపెనీని కూడా జనం నమ్మరు.

కాబట్టి ఇలాంటి కారు అమ్మాలనుకునే కంపెనీలను మీ పత్రిక తరఫున నాలుగు మాటలు అడగండి. మోడల్ ఆపేసినా ఎన్నేళ్లు విడిభాగాలు ఇస్తారు? ఏ భాగమైనా ఎన్ని రోజుల్లో హైదరాబాద్ చేరుతుంది, చేరకపోతే అన్ని రోజులూ బదులు కారు ఇస్తారా? ఐదేళ్ల తర్వాత ఎంతకి వెనక్కి తీసుకుంటారు? ఇవి సేల్స్ అబ్బాయి నోటిమాటగా చెబితే లాభం లేదు, బుకింగ్ ఫారం మీదే అచ్చు వేసి ఉండాలి. వచ్చే ఏడాది మా ట్రావెల్స్‌కి రెండు పెద్ద సెడాన్లు కొనాలి. ఈ ప్రశ్నలకు లెటర్‌హెడ్ మీద సంతకంతో జవాబిచ్చిన షోరూములోనే కొంటాను, గుర్తు ఏదైనా సరే.

ఇట్లు,
ఒక ట్రావెల్స్ యజమాని,
బేగంపేట, హైదరాబాద్