అది గోడకుర్చీ కాదండీ

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శుక్రవారం మన మైదానంలో ఏడో తరగతి పిల్లలు మోకాళ్లు వంచి, చేతులు ముందుకు చాచి నిలబడిన ఫోటో ఒకటి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. "హోంవర్క్ చేయలేదని గోడకుర్చీ వేయించారు" అన్న వ్యాఖ్య కూడా దానితోపాటే. సాయంత్రానికి నాకు 19 ఫోన్లు వచ్చాయి. ఫోటో తీసినవారు గేటు దాటి లోపలికి వచ్చి ఒక్క మాట అడగవలసింది. పైగా అక్కడ గోడే లేదు.

అది చైనా యుద్ధవిద్య వుషు తరగతి. ఆ నిలకడ పేరు మాబు, అంటే గుర్రపు అడుగు. కాళ్లు ఎడంగా పెట్టి, తొడలు దించి, వెన్ను నిటారుగా ఉంచి, గుర్రం మీది రౌతులా నిలవడం. చైనా యుద్ధవిద్యల్లో గుద్దులు, తన్నుల కంటే ముందు దీన్నే నేర్పుతారు. హెనాన్‌లోని షావొలిన్ ఆలయంలో, తరతరాల సన్యాసుల సాధనకు ఇటుక నేల కుంగి పడిన గుంటలు ఇప్పటికీ చూడవచ్చు. కాంచీపురం నుంచి వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడే ఇదంతా నేర్పాడన్న సందేశమూ నాకు వచ్చింది. చరిత్రకారులు ఆ కథను అంగీకరించరు. దయచేసి దాన్నీ పంచకండి.

పాతికేళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, కాస్త ఓపిక పట్టండి. నిలబడిన మనిషి గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, పొత్తికడుపు లోపల ఉంటుంది. దాన్ని కిందికి దించి కాళ్లు ఎడం చేస్తే పడదోయడం కష్టం. అయితే మాబులో ఉన్న బిడ్డను పక్కనుంచి నెడితే కదలదు కానీ, ఎదురుగా రెండు వేళ్లతో నెట్టినా వెనక్కి తూలుతుంది. ఆ దిక్కున ఆసరాగా పాదం లేదు కదా! ఎదుటి తోపుకు గోంగ్‌బు కావాలి, అంటే విల్లు అడుగు: ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి. అప్పుడు తోపు భుజం నుంచి నడుముకు, నడుము నుంచి వెనక మడమకు, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. యుద్ధవిద్యల్లో "వేరు పట్టడం" అంటారే, అది ఇదే, మంత్రమేమీ లేదు. గుద్దు అదే దారిలో పైకి వస్తుంది. పాదం నేలను నొక్కితే నేల తిరిగి నెడుతుంది, నడుము తిప్పుతుంది, పిడికిలిది ఆఖరి వంతు. భుజం బిగించారా, బలం అక్కడే ఆగిపోతుంది.

బి సెక్షన్‌లో గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టుండే పాప ఒకతె, పదో తరగతి అబ్బాయి తోసినా అంగుళం జరగలేదు. ఎలా ఆపావమ్మా అని అడిగితే, "ఆపలేదు మేడమ్, కిందికి పంపేశాను" అంది! న్యూటన్ మూడో సూత్రం చెప్పి చెప్పి అలసిన నాకు ఆ రోజు కళ్లు చెమర్చాయి. పేరు రాస్తే మిగతావారు అలుగుతారు.

మోకాళ్ల గురించి భయం వద్దు. మోకాలు కాలివేళ్ల దిశలోనే ఉండాలి, లోపలికి వాలకూడదు. 30 సెకన్లతో మొదలుపెడతాం. తొడ మండితే సరే, మోకాలు నొప్పి పెడితే లేచిపోవాలి.

నాకు దిగులు పుట్టించినది వేరే ఉంది. సగం మంది పిల్లలకు గొంతుక్కూర్చుంటే మడమలు నేలకు ఆనడం లేదు. సోఫాలో ఒరిగి ఫోను చూస్తుంటే, పన్నెండేళ్లవారికి ముద్దలు కలిపి నోట్లో పెడుతున్న మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. అయినా రోజుకు ఒక్క పూట బాసింపట్టు వేయించి నేల మీద భోజనం పెట్టండి. బ్యాగు కూడా గేటు దాకా వాళ్లనే మోయనివ్వండి.

మార్కుల పత్రాలపై సంతకాలు సోమవారానికి, ఫీజు 10వ తేదీకి, గొడుగులపై పేర్లు వెంటనే.

వచ్చే శుక్రవారం నాలుగింటికి తరగతి ఉంది. రండి, మీ పిల్లల పక్కన ఒక్క నిమిషం మాబులో నిలబడండి. ఫోటో మేమే తీస్తాం.

ప్రధానోపాధ్యాయురాలు