దూలగొండి పొడి, నాన్న మాత్రలు

సంపాదకుల వారికి నమస్కారం.

నెల కిందట మీ ఆదివారం ఆరోగ్యం పేజీలో 'దూలగొండితో వణుకు మాయం' అని ఒక వార్త వేశారు. సైడ్ ఎఫెక్టులు లేవని, శాస్త్రవేత్తలే తేల్చేశారని కూడా రాశారు. ఏ శాస్త్రవేత్తలు, ఏ ఊళ్లో, ఎంతమంది మీద అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ వార్త వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెబుతాను, నా గొడవ తర్వాత.

మా నాన్నకి పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోయి కదలికలు మందగించే, ఒళ్లు వణికే జబ్బు అది. మాది కిరాణా కొట్టు. మొదట్లో చెయ్యి వణకలేదండీ, ఖాతా పుస్తకంలో అంకెలు చిన్నవైపోయాయి, పేజీ అడుగుకొచ్చేసరికి చీమల బారులా ఉండేవి. చూపు తగ్గిందనుకుని రెండుసార్లు కళ్లద్దాలు మార్పించాం! ఇప్పుడు రోజుకి నాలుగు పూటలు లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే మందు), కార్బిడోపా (దాన్ని మెదడు దాకా కాపాడేది) కలిసిన మాత్ర పడాలి. అదీ తిండికి అరగంట ముందు, ఎందుకంటే పప్పో గుడ్డో తిన్న వెంటనే వేస్తే ఆ ప్రొటీన్ అడ్డంపడి మందు సరిగా ఎక్కదు. ఎక్కితే లేచి కొట్టు దాకా నడుస్తారు, దిగిపోతే మంచం మీద పక్కకి ఒత్తిగిలడానికి కూడా మనిషి సాయం కావాలి.

మీ వార్త కత్తిరించి, ఒక పొడి డబ్బాతో సహా మా బాబాయ్ పట్టుకొచ్చాడు. "మన కంచె మీద పాకే తీగే కదా అన్నయ్యా, పాలల్లో కలుపుకో, ఏం కాదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, ఆయన్నేమంటాం. నాన్న మాత్రలు మానకుండానే ఇదీ మొదలుపెట్టారు, నాకు చెప్పలేదు. నాలుగో రోజుకి వాంతులు, ఒళ్లంతా మెలికలు తిరిగిపోవడం, అర్ధరాత్రి లేచి గోడ మీద ఎవరో కూర్చున్నారని అరవడం. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. నరాల డాక్టరు గారు డబ్బా తిప్పి చూసి, "రెండూ ఒకటే మందమ్మా, డోసు మీద డోసు పడింది" అన్నారు.

నిజంగానే ఒకటే మందు. ఇదేమీ రహస్యం కూడా కాదు. దూలగొండి గింజల్లోంచి లెవోడోపాని వేరుచేసి చూపించింది దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు, 1937లో, మద్రాసులో! అది ఈ జబ్బుకి పనికొస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. ఇరవై ఏళ్ల తర్వాత స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే ఆయన కుందేళ్లకి రిసర్పిన్ అనే మందు ఇస్తే అవి కదలకుండా పడిపోయాయి, లెవోడోపా రకం మందే అయిన డోపా ఎక్కించగానే మళ్లీ లేచాయి. (ఆ రిసర్పిన్ వచ్చింది కూడా మన సర్పగంధి వేరులోంచే.) దానికి ఆయనకి 2000లో నోబెల్ ఇచ్చారు. 1961లో వియన్నాలో పార్కిన్సన్స్ రోగులకి లెవోడోపాని సూదిమందుగా ఇచ్చి చూశారు, 1967లో న్యూయార్క్‌లో కోట్జియాస్ అనే డాక్టరు డోపాని నోటిద్వారా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ ఇచ్చి ఫలితం రాబట్టారు. ఇప్పుడు నాన్న వేసుకునే మాత్ర దాకా వచ్చిన దారి ఇదే, కాబట్టి ఇంగ్లీషు మందు ఒకవైపు, మన మూలిక ఇంకోవైపు అని మీ వార్తలో పెట్టిన పోటీయే అర్థం లేనిది.

ఆయుర్వేదంలో కంపవాతానికి ఈ గింజ వాడారు, నేను కాదనడం లేదు. 2004లో లండన్‌లో పరీక్షించినప్పుడు 30 గ్రాముల పొడి మాత్ర కంటే తొందరగా ఎక్కింది, ఎక్కువసేపు నిలబడింది కూడా. మీ వార్తకి మూలం అదో, అలాంటిదో అయ్యుంటుంది. కానీ ఆ పరీక్ష ఎనిమిది మంది మీద. మా వీధిలో చీటీ పాట కట్టేవాళ్లు అంతకంటే ఎక్కువ. పైగా అది డాక్టర్లు తూకం వేసి ఇచ్చి, పక్కన కూర్చుని నిమిషాలు లెక్కపెట్టిన పొడి. మా బాబాయ్ తెచ్చిన డబ్బా మీద లెవోడోపా ఎంత ఉందో రాసి లేదు. పొడిలో కార్బిడోపా ఉండదు, అందుకని ఒట్టి పొడి తింటే చాలా భాగం మెదడుకి చేరకముందే ఒంట్లో డోపమైన్‌గా మారిపోయి కడుపులో తిప్పుతుంది. నాన్న విషయంలో ఇంకో తిరకాసు పడింది, మాత్రలో ఉన్న కార్బిడోపా పొడిలోని లెవోడోపాని కూడా కాపాడి మెదడుకి పంపించింది. మీ వార్త చదివి మాత్రలు పూర్తిగా మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లది మరీ ప్రమాదం, ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు కొయ్యబారి, జ్వరం విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

ఆ 'మాయం' అన్న మాట అసలు ఎక్కణ్ణించి వచ్చింది? మాత్రైనా పొడైనా తగ్గిన డోపమైన్‌ని కాసేపు భర్తీ చేస్తుంది, మెదడులో కణాలు చచ్చిపోవడాన్ని ఆపదు. ఆపే మందు కోసమే అందరూ వెతుకుతున్నారు, ఇంకా దొరకలేదు. ఎక్సెనటైడ్ అని షుగర్‌కి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. లండన్‌లో 62 మంది పార్కిన్సన్స్ రోగుల మీద చేసిన పరీక్షలో బాగుందని 2017లో వస్తే ఎంత హడావుడో. అదే ఇంజెక్షన్‌ని 194 మంది మీద పరీక్షించి (సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి) 96 వారాలు చూస్తే ఉపయోగం కనిపించలేదని 2025లో తేలింది, ఆ సంగతి మాత్రం మన పేపర్లలో ఎక్కడా నా కంటపడలేదు. జపాన్‌లోని క్యోటోలో స్టెమ్ సెల్స్‌తో (మూలకణాలతో) తయారుచేసిన కణాలని ఏడుగురు పార్కిన్సన్స్ రోగుల మెదడులో పెట్టి రెండేళ్లు చూశారు, పెద్ద ప్రమాదమేమీ కనిపించలేదని అదే ఏడాది ప్రకటించారు. మన దగ్గర దీన్నీ శాశ్వత పరిష్కారం అని ఎవరో ఒకరు వేస్తారు, చూస్తూ ఉండండి.

పరిశోధనల వార్తలు వెయ్యొద్దని కాదు, మాలాంటి ఇళ్లలో ముందు చదివేది అవే. ఎంతమంది మీద చేశారు, ఎన్నాళ్లు చూశారు, దేనితో పోల్చారు అని రెండు వాక్యాలు కలపండి, చాలు. దూలగొండి విషయంలో మాత్రం సవరణ వెయ్యాలి, అది లెవోడోపాయేనని, మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోవద్దని. మీ పాత వార్త ముక్క మా బాబాయ్ పర్సులో ఇంకా అలాగే ఉంది. మీ సవరణ కూడా కత్తిరించి దాని పక్కనే పెట్టుకోమంటాను, కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నర్సీపట్నం