కొండదారులకు నంబర్లు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖలో సైకిలు అనగానే అందరికీ బీచ్ రోడ్డే గుర్తొస్తుంది. తెల్లవారుజామున బండ్లు ఆపేస్తారు కాబట్టి సగం ఊరు అక్కడే ఉంటుంది. కొన్నేళ్లుగా ఇంకో గుంపు మాత్రం కొండల వైపు వెళ్తోంది. ఎండాడ, మధురవాడ, కాపులుప్పాడ, ఆనందపురం చుట్టుపక్కల జీడితోటల్లో, మెట్టల మీద, పశువులు నడిచి నడిచి పడిన బాటల్లో ఆదివారం పొద్దున్నే లావు టైర్ల సైకిళ్లు కనిపిస్తాయి. నేనూ ఆ గుంపులోవాణ్ణే. నాకు నలభై ఆరేళ్లు. వారమంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నా వెన్నునొప్పిని తగ్గించింది ఈ కొండలే.

కిందటి కార్తీకంలో ఒక ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు ఇంటర్ చదువుతున్నాడు. తిరిగి దిగుతున్నప్పుడు నాకు ఇరవై గజాల ముందున్నాడు. అక్కడ బాట జీడిచెట్ల మధ్య కుడికి తిరుగుతుంది. ఆ మలుపులో ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు ఎవరో బైండింగ్ తీగ లాగి కట్టారు. అంతకుముందు వారం అది లేదు. తీగ తుప్పు పట్టి ఎర్రమట్టి రంగులో కలిసిపోయింది, పైగా ఎదురెండ. వాడికి కనబడే అవకాశమే లేదు. తీగ హ్యాండిల్‌కి తగిలి వాణ్ణి ఎత్తి పక్కన పడేసింది. ఇంకో రెండు జానలు పైకి కట్టి ఉంటే మెడకే తగిలేది. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా చెయ్యి వణుకుతోంది.

"మావయ్యా, చెయ్యి లేవట్లేదు" అన్నాడు. భుజం దగ్గర ఎముక చర్మాన్ని పైకి తోస్తూ కనిపించింది. అంబులెన్సుకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారండీ?" అంది అవతలి అమ్మాయి.

"కొండ వెనక, జీడితోటలో."

"ఏ కొండండీ? దగ్గర్లో ఏమైనా గుర్తుందా?"

ఆ అమ్మాయి అడగవలసిందే అడిగింది. నా దగ్గరే జవాబు లేదు. ఎటు చూసినా అవే జీడిచెట్లు. కొండ అడ్డంగా ఉండటంతో సిగ్నల్ ఒక గీత వస్తూ పోతూ ఉంది. మ్యాపు తెరుచుకోలేదు. చివరికి మేకలు కాసుకునే ఒక పెద్దాయన మా కేకలు విని వచ్చాడు. "ఏటి బాబూ, పిల్లోడికి గట్టిగా తగిలినట్టుంది. ఇలాగెల్తే సెరువు గట్టొస్తాది, బండి అక్కడికొస్తాది. నాను ఎల్లి తోలుకొస్తాను" అని మేకల్ని అక్కడే వదిలేసి పరుగెత్తాడు. బండి గట్టు మీదికి వచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. కాలర్ ఎముక విరిగింది. ఇప్పుడు అతుక్కుంది, పిల్లాడు బాగానే ఉన్నాడు. అదే తలకు దెబ్బ తగిలి ఉంటేనో, రక్తపింజర కాటేసి ఉంటేనో, ఆ యాభై నిమిషాలు ఏమయ్యేవో ఆలోచించండి.

"కొండల్లో సైకిలు తొక్కడం ఎందుకు, పడటం ఎందుకు?" అనే పాఠకులు ఉంటారు. వాళ్లకు ఒక మాట చెప్పాలి. కొండ పెట్టే ఇబ్బందులకు మందు ఉంది, నేర్చుకుంటే వస్తుంది. మన కొండలు ఎక్కువగా ఖోండలైట్ రాయి. అది వానకూ ఎండకూ మెత్తబడి ఎర్రటి బంకమన్ను అవుతుంది. దాని మధ్య చారల్లా ఉండే పలుగురాయి మాత్రం కరగక, ముక్కలై దారి మీద పరుచుకుని ఉంటుంది. వేసవిలో ఆ పలుగు ముక్కల మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారా, చక్రం జారిపోతుంది. సీటు మీద నుంచి లేచి, నడుం వెనక్కి జరిపి, పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వేలితో పట్టి దిగాలి. చూపు దాటాల్సిన రాయి మీద ఉండకూడదు, దాని అవతలి దారి మీద ఉండాలి. మొదట్లో నేను ఏ రాయిని చూసి భయపడితే సూటిగా దాని మీదికే వెళ్లేవాణ్ణి. చూపు ఎటుంటే సైకిలు అటే పోతుందని తెలియడానికి నాకు రెండు మోకాళ్ల చర్మం ఖర్చయింది.

వాన పడ్డ మర్నాడు అదే దారి సబ్బులా ఉంటుంది. అప్పుడు వెళ్లకపోవడమే మేలు, మనకూ దారికీ కూడా. తడి మట్టిలో చక్రం చేసిన గాడి ఎండాక అలాగే నిలిచిపోయి, తర్వాతి వానకు చిన్న గెడ్డ, అంటే వాగు, అవుతుంది. సముద్రం వైపు సరుగుడు తోటల ఇసుకలో టైరు గాలి తగ్గించుకోవాలి. రోడ్డు మీద 40 పీఎస్ఐ ఉంచేవాణ్ణి, అక్కడ 28కి దింపుతాను. తేలిక గేరులో ఆగకుండా తొక్కుతూ, హ్యాండిల్ తిప్పకుండా పోవాలి. సర్కారు తుమ్మ ముళ్లకు ట్యూబులో జిగురు ద్రావణం పోసుకుంటాం. కుక్కలు వెంటపడితే దిగిపోయి, సైకిలును మనకీ వాటికీ మధ్య అడ్డం పెట్టి నెమ్మదిగా నడుస్తాం. గెడ్డలో నీరు కదులుతుంటే దిగి, కర్రతో లోతు చూసుకున్నాకే అడుగు వేస్తాం. హెల్మెట్ లేనివాణ్ణి మా గుంపులో బయల్దేరనివ్వం.

మలుపులో కట్టిన తీగకు మాత్రం ఏ నేర్పూ పనికిరాదు. రాత్రికి రాత్రి గ్రావెల్ తవ్వుకుపోయి, నిన్నటి బాటను ఈరోజు నిలువెత్తు గోతిగా చేసి వదిలేస్తే ఎవరు ఊహిస్తారు? ఇళ్లు పడగొట్టిన చెత్త, పగిలిన టైల్స్, గాజు పెంకులు ట్రాక్టర్లతో తెచ్చి కొండ మొదట్లో కుమ్మరిస్తున్నారు. ఈ దారుల్లో మాకంటే ముందు నుంచి పాలకేన్లతో నడిచేవాళ్లున్నారు, కట్టెల మోపులు మోసే ఆడవాళ్లున్నారు, చెప్పులు లేని పశువుల కాపర్లున్నారు. వాళ్ల కాళ్లకు దిగిన గాజు పెంకుల గురించి ఏ పేపర్లోనూ రాదు.

కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో ప్రతి సొరంగానికీ నంబరు ఉంది. అక్కడ ఏదైనా జరిగితే నంబరు చెబితే చాలు. మన కొండబాటలకూ అదే కావాలి. జనం నడిచే బాటల్లో ప్రతి అర కిలోమీటరుకూ ఒక రాయి పాతి, తెల్లరంగు వేసి, దాని మీద నంబరు రాయాలి. ఆ నంబర్లు ఏ చోటివో 108 వాళ్ల దగ్గరా, పోలీసు కంట్రోల్ రూములోనూ, అగ్నిమాపక కేంద్రాల్లోనూ ఉండాలి. అప్పుడు మేకల పెద్దాయన కూడా "పన్నెండో రాయి కాడున్నాం" అని చెప్పగలడు. కొండ నేల ఒక్కరిది కాదు, ఒక ముక్క రెవెన్యూది, ఒక ముక్క అటవీ శాఖది, ఇంకొకటి దేవస్థానానిదో ప్రైవేటుదో. ఫిర్యాదుతో నేను వెళ్లిన ఒక కార్యాలయంలో, ఆ స్థలం తమ కిందికి రాదని చెప్పి పంపేశారు. అందుకే కలెక్టరు గారే ఈ శాఖలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టాలని నా మనవి. అలవాటుగా నడిచే బాటకు అడ్డంగా తీగ కట్టేవాళ్లు కనీసం దానికి రంగు గుడ్డలైనా వేలాడదీయాలని గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా చెప్పించాలి.

దారి కష్టమో తేలికో ముందే తెలిసేలా గుర్తులు కూడా పెట్టవచ్చు. 1988లో ఏర్పడిన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘం పద్ధతిలో తేలిక దారికి ఆకుపచ్చ వృత్తం, మధ్యస్థానికి నీలం చతురస్రం, కష్టమైనదానికి నల్ల డైమండ్ ఉంటాయి. చదువు రానివాళ్లకూ అర్థమవుతాయి. కొండల్లో సైకిలు తొక్కడం 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట. కేరళ వాళ్లు పొన్ముడిలో దారి వేసి 2023 అక్టోబరులో ఆసియా పోటీలే జరిపించారు. మనకు కొండా ఉంది, సముద్రమూ ఉంది.

సైకిలు వెళ్లకూడని చోట్లు కూడా ఇదే సందర్భంలో తేల్చేయాలి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను 2025లో మన దేశం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్పించింది. వేల ఏళ్లు పేరుకున్న ఇసుక అది, చేత్తో గీరితే రాలిపోతుంది. అక్కడ చక్రం దిగడం తప్పు. ఆ వాలుల మీద టైరు జాడలు నేను చూశాను, వాటిలో మా సైకిళ్లవి కూడా ఉన్నాయని ఒప్పుకుంటున్నాను. తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాల్లోనూ అంతే. 2002లో అభయారణ్యంగా ప్రకటించిన కంబాలకొండలో చిరుతలు తిరుగుతాయి, అటవీ శాఖ అనుమతించిన దారి దాటి వెళ్లకూడదు. మాకంటూ ఒక దారి చూపిస్తే ఈ చోట్ల వైపు వెళ్లవద్దని మా కుర్రాళ్లకు గట్టిగా చెప్పగలం. ఏ దారీ చూపకుండా అన్నీ మూసేస్తే మా మాట వినరు.

రాళ్లు మోయడానికి, రంగు వేయడానికి మేము ఇరవై మందిమి సిద్ధం. రంగు డబ్బాలు, బ్రష్షులు మేమే తెచ్చుకుంటాం. ఏ బాట ఎవరి నేలలో ఉందో తెలిసిన సర్వేయరును ఒక్క ఆదివారం పొద్దున్న మాతో పంపితే చాలు. మా మేనల్లుడు పడ్డ చోట తీగ ఇంకా అలాగే ఉంది. ప్రస్తుతానికి దానికి మూడు ఎర్ర గుడ్డలు కట్టి వచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం