శిఖరం అందక తిరిగివచ్చిన వారి గురించీ రాయండి

సంపాదకుడికి,

అయ్యా,

1996 మే 10న ఎవరెస్ట్ మీద తుపానులో చిక్కుకుని ఎనిమిది మంది చనిపోయిన ఘోరం గురించి, ఆ రోజు అక్కడే ఉన్న జాన్ క్రాకౌర్ రాసిన ‘ఇన్‌టు థిన్ ఎయిర్’ పుస్తకాన్ని మీ ఆదివారం సంచిక పరిచయం చేసింది. అప్పటి నుంచి ఈ పేజీలో వస్తున్న పాఠకుల లేఖలన్నీ శ్రద్ధగా చదువుతున్నాను. దాదాపు అన్నింటిలోనూ ఒకటే ప్రశ్న: తప్పెవరిది? అదనపు ఆక్సిజన్ వాడకుండా ఎక్కి, తనను నమ్ముకున్న వారికన్నా ముందే దిగివచ్చిన గైడ్ అనతోలీ బుక్రీవ్‌దే తప్పని ఒకరు రాశారు. 65,000 డాలర్లు కడితే చాలు, ఎవరెస్ట్ ఎక్కేయవచ్చని అనుకున్న ధనవంతులదని మరొకరు రాశారు. తోటివారి చావును పుస్తకం చేసి అమ్ముకున్నాడని ఇంకొకరు ఏకంగా రచయితనే దుయ్యబట్టారు.

బుక్రీవ్ గురించి ముందు నా మాట చెబుతాను. ఆయన ముందుగా దిగివచ్చిన మాట నిజం. ఆ రాత్రే సుమారు 7,900 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ కోల్ శిబిరం నుంచి ఆయన ఒంటరిగా తుపానులోకి వెళ్ళి, దారి తప్పి మంచులో కూలబడిన ముగ్గురిని బతికించి గుడారాలకు చేర్చిన మాట కూడా అంతే నిజం. క్రాకౌర్ ఈ రెండూ రాశారు. మన పాఠకులు మాత్రం ఎవరికి కావలసిన సగాన్ని వారు తీసుకున్నారు. ‘ది క్లైంబ్’ అనే పుస్తకంలో తన వైపు వాదన వినిపించిన బుక్రీవ్, 1997 డిసెంబరులో అన్నపూర్ణ పర్వతం మీద మంచు చరియల కింద చనిపోయారు. ఇప్పుడు వచ్చి జవాబు చెప్పుకునే వీలు ఆయనకు లేదు.

పైగా, శిఖరం దగ్గర గాలిలో మనిషికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టం దగ్గర అందేదానిలో మూడో వంతు. అలాంటి చోటు నుంచి దిగివస్తున్న మనిషి చూపును, జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మగలం? గైడ్ ఆండీ హారిస్ శిబిరం దాకా వచ్చి, అక్కడ దారి తప్పి పడిపోయాడని క్రాకౌర్ మొదట పత్రికా వ్యాసంలో రాశారు. ఆ సాయంత్రం తాను చూసింది హారిస్‌ను కాదని, వేరే మనిషినని తరువాత తెలిసింది. ఆ సంగతి దాచకుండా పుస్తకంలో చెప్పారు. అక్కడే ఉన్న మనిషే అంతగా పొరబడితే, ఇంట్లో కూర్చుని చదివిన మనం శిక్షలు వేయడం న్యాయం కాదు.

ఇన్ని లేఖల్లో ఒక్కరి నోటా రాని పేర్లు మూడున్నాయి. స్టూవర్ట్ హచిసన్, జాన్ టాస్క్, లూ కాసిష్కీ. ఒకరు గుండె వైద్యుడు, ఒకరు మత్తు వైద్యుడు, ఒకరు న్యాయవాది. ముగ్గురూ, సొమ్ము తీసుకుని ఎవరెస్ట్ ఎక్కించే నాయకుడు రాబ్ హాల్ బృందంలోని వారు. మధ్యాహ్నం ఒంటిగంట, మరీ ఆలస్యమైతే రెండు గంటలు, అప్పటికి శిఖరం అందకపోతే ఎక్కడున్నవారు అక్కడి నుంచే వెనక్కి తిరగాలన్నది హాల్ చెబుతూ వచ్చిన నియమం. ఆ రోజు పైన కట్టి ఉండాల్సిన తాళ్ళు కట్టలేదు. ముప్పై మందికి పైగా ఒకే దారిన ఒకరి వెనుక ఒకరు నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది. సుమారు పదకొండున్నరకు ఈ ముగ్గురూ వేళ లెక్క చూసుకుని, సమయానికి చేరలేమని తేల్చుకుని కిందికి తిరిగారు. అందరూ కట్టినట్టే వారూ సొమ్ము కట్టారు. వారాల తరబడి అదే చలి, అదే దగ్గు భరించారు. వారు ప్రాణాలతో ఇల్లు చేరారు. కథలో అంతకుమించి వారికి చోటు దొరకలేదు.

అంతకు వారం ముందు జరిగిన సంగతి ఇంకా గొప్పది. స్వీడన్ నుంచి సైకిలు తొక్కుకుంటూ నేపాల్ దాకా వచ్చి, ఒంటరిగా ఎవరెస్ట్ ఎక్కబోయిన యోరాన్ క్రోప్, సుమారు వంద మీటర్ల ఎత్తు మాత్రమే మిగిలి ఉండగా వేళ మించిపోయిందని వెనక్కి తిరిగాడు. అది విని ఎంతో మెచ్చుకున్నవాడు రాబ్ హాలే. మే 10న ఆ హాల్, సాయంత్రం నాలుగు దాటాక గానీ శిఖరం చేరని డగ్ హాన్సెన్ కోసం పైనే ఆగిపోయాడు.

హాన్సెన్ ఎవరో గుర్తు చేస్తాను, ఎందుకంటే నా లేఖ అసలు ఆయన గురించే. ఆయన అమెరికాలో తపాలా ఉద్యోగి. ప్రయాణానికి కావలసిన డబ్బు కోసం రాత్రి డ్యూటీలు చేశాడు, పగలు నిర్మాణ పనులకు వెళ్ళాడు. ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలు టీషర్టులు అమ్మి ఆయనకు సాయం చేశారు. 1995లో శిఖరం కనుచూపు మేరలో ఉండగా ఆయనను వెనక్కి తిప్పింది హాలే. మళ్ళీ రమ్మని పిలిచి, ఖర్చు తగ్గించి తీసుకువచ్చిందీ హాలే. ఆ మనిషిని రెండోసారీ వట్టి చేతులతో తిప్పి పంపడానికి హాల్‌కు మనసు ఒప్పలేదని నేను అనుకుంటాను. హాన్సెన్ తిరిగి రాలేదు. వారికి సాయపడాలని పైకి వెళ్ళిన ఆండీ హారిస్ తిరిగి రాలేదు. అసలు శిఖరానికి కాస్త కింద ఉండే దక్షిణ శిఖరం దగ్గర చిక్కుకుపోయిన హాల్, గర్భవతి అయిన భార్యతో శాటిలైట్ ఫోను ద్వారా మాట్లాడి, అక్కడే కన్నుమూశాడు. ఆ పిల్లలూ, హాలూ ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమే హాన్సెన్ కాళ్ళకు బరువై, వెనక్కి తిరగనివ్వలేదేమో. ఈ పుస్తకం చదివి దుర్మార్గుడి కోసం వెతికేవారికి ఈ బరువు కనిపించదు.

ఈ బరువులో పత్రికల పాలు ఎంత అన్నది మీరు ఆలోచించాలని నా విన్నపం. క్రాకౌర్ హాల్ బృందంలో చేరింది పత్రికా విలేఖరిగానే. ప్రకటనల కోసం తమ పేజీల్లో చోటు ఇస్తామని ఆ పత్రిక చేసుకున్న ఒప్పందంతో హాల్ ఆయనకు అవకాశమిచ్చాడు. అదే రోజు ఎక్కిన మరో బృందానికి నాయకుడు స్కాట్ ఫిషర్. ఆ బృందంలోని ఒకావిడ అక్కడి నుంచే అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీకి కబుర్లు పంపుతూ వచ్చింది. విలేఖరి చూస్తున్నాడన్న స్పృహ ఆ ఇద్దరు నాయకులను ముందుకు నెట్టిందా అని క్రాకౌర్ తనను తానే అడుక్కున్నారు. నా దృష్టిలో ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న అదే. మీ పరిచయ వ్యాసంలో అది లేదు.

మరొకటి కూడా లేదు. అదే రోజు టిబెట్ వైపు నుంచి మన ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం వారు ఆరుగురు ఎక్కుతున్నారు. వాతావరణం చెడిపోతోందని ముగ్గురు వెనక్కి తిరిగి బతికారు. ముందుకు వెళ్ళిన త్సెవాంగ్ స్మన్లా, త్సెవాంగ్ పల్జోర్, దోర్జే మోరుప్ తాము శిఖరం చేరామని వైర్‌లెస్‌లో చెప్పారు. మళ్ళీ శిబిరం చేరలేదు. వారు నిజంగా శిఖరం అందుకున్నారా లేదా అన్న చర్చ తరువాత సాగింది. మర్నాడు వారిని దాటి వెళ్ళిన జపాన్ పర్వతారోహకులు సాయం చేయలేదన్న ఆరోపణ వచ్చింది, వారు ఖండించారు. ఆ రెండు రోజుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో ముగ్గురు మన దేశస్థులైతే, తెలుగు పత్రికలోని చర్చలో వారి ప్రస్తావనే రాకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. బరువులు మోసిన షెర్పాలనైతే ఎవరూ తలవలేదు. ఫిషర్ బృందానికి పనిచేస్తూ ఊపిరితిత్తుల్లో నీరు చేరి మంచాన పడ్డ న్గవాంగ్ తోప్చే ఆ జూన్‌లో చనిపోయాడు. కూలి కోసం ఎక్కేవాడు వెనక్కి తిరుగుతానంటే వినేదెవరు?

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా ఆ రోజు నేను పొందిన ఆనందం ఇంతా అంతా కాదు. సంక్షేమ గురుకులాల పిల్లలు భువనగిరి కొండ మీద నేర్చుకుని అంత ఎత్తుకు వెళ్ళడం ఇప్పటికీ నాకు గర్వమే. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు అనే మంచుగడ్డల వాలు మీద చరియలు విరిగిపడి 16 మంది కార్మికులు చనిపోయిన సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి.

ఆ తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎందరో పిల్లలు ప్రభుత్వ సాయంతో, దాతల సొమ్ముతో పర్వతాలకు వెళుతున్నారు. వెళ్ళేటప్పుడు శాలువాలు, ఫ్లెక్సీలు, జెండా అప్పగింతలు. మా పాఠశాలలో చదివిన ఒక అమ్మాయి ఓసారి వాతావరణం బాగాలేక పై శిబిరం నుంచి తిరిగివచ్చింది. నాయకుడు దిగమంటే దిగింది, చేయవలసినదే చేసింది. ఊళ్ళో మాత్రం కనబడ్డవారల్లా ‘అంత డబ్బు పెట్టి ఎక్కకుండా వచ్చావేం?’ అని అడిగారు. ఆ పిల్ల కొన్నాళ్ళు ఇల్లు కదలలేదు. ఇంకోసారి వెళితే, దిగమన్నప్పుడు ఆ పిల్ల దిగుతుందా? నాకు భయంగా ఉంది.

కాబట్టి మీకు నా కోరిక ఇది. ఒక అమ్మాయో అబ్బాయో పర్వతానికి బయలుదేరిన వార్త వేసినప్పుడు, శిఖరం ఎత్తుతో పాటు ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలని బృందం నిర్ణయించుకుందో కూడా అడిగి వేయండి. వెంట వెళ్ళే షెర్పాల పేర్లు వేయండి, వారికి బీమా ఉందో లేదో కనుక్కోండి. శిఖరం అందకుండా తిరిగివచ్చినవారి ఫొటో, ఎక్కినవారి ఫొటో అంత పెద్దదిగానే వేయండి, ఆ నిర్ణయం ఎలా తీసుకున్నారో వారి మాటల్లోనే రాయించండి. డబ్బిచ్చే ప్రభుత్వ శాఖలకు, దాతలకు కూడా ఈ లేఖ ద్వారా మనవి చేస్తున్నాను: నాయకుడి మాట విని వెనుదిరిగినవారికి సన్మానంలో లోటు రానివ్వబోమని, మరో ప్రయాణానికి అవకాశం పోనివ్వబోమని మంజూరు పత్రంలోనే రాసి ఇవ్వండి. ఆ కాగితం పిల్లల చేతికి బయలుదేరే ముందే అందాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
హనుమకొండ