ట్యూబు మీద ‘పెర్ఫ్యూమ్’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో షేవింగ్ క్రీముల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏ క్రీము ఏ వాసన వేస్తుందో చక్కగా రాశారు. 38 ఏళ్లుగా బ్రష్షుతో నురగ తీసి, డబుల్ ఎడ్జ్ బ్లేడుతో గడ్డం గీసుకుంటున్నవాణ్ణి. అందులో రాని సంగతులు రెండు చెప్పాలనిపించింది.

మొన్న వేసవిలో మా అబ్బాయి గంధం వాసన క్రీము ఒకటి తెచ్చిచ్చాడు. మూత తీస్తే సాన మీద గంధం తీస్తున్నట్టే ఉంది. కానీ నురగ నిలవలేదు. ఎడమ చెంప గీసేలోపే కుడి చెంప మీద అట్టు చిల్లుల్లా బుడగలు పడి ఆరిపోయింది. క్రీము నాసిరకం అనుకున్నాను. తర్వాత నీళ్ల మీద అనుమానం వచ్చింది. ఎండాకాలం మా అపార్ట్‌మెంటులో ఎక్కువగా బోరు నీళ్లే. శనగగింజంత క్రీము బోరు నీళ్లతో ఒక గిన్నెలో, అంతే క్రీము ఫిల్టరు నీళ్లతో ఇంకో గిన్నెలో గిలక్కొట్టి, పది నిమిషాలు పక్కన పెట్టాను. ఫిల్టరు నీళ్లది మీగడలా నిలబడింది, చెంచా బోర్లించినా జారలేదు. బోరు నీళ్లది తెల్లటి తెట్టు కట్టింది. షేవింగ్ క్రీము కూడా ఒక మెత్తటి సబ్బే కదా! నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని విరిచేస్తాయి. కాబట్టి నురగ రాలేదని క్రీమును తిట్టే ముందు ఒక మగ్గు మంచినీళ్లతో చూడండి.

నురగ సంగతి తేలింది గానీ మెడ దురద పోలేదు. గీసుకున్న గంటకల్లా గొంతు కింద ఎర్రటి పొక్కులు. బ్లేడు మార్చాను, ఎదురు గీయడం మానేశాను, పటిక రాశాను. ఏదీ పనిచేయలేదు. వారం ఆగి, వాసన లేని క్రీముతో అదే బ్లేడు వాడితే ఒక్క పొక్కూ రాలేదు. చర్మం డాక్టరుగారు చూసి, “సువాసన కోసం కలిపినదేదో మీకు పడలేదేమో, దాని పేరు తెలిస్తే మిగతా వాటిలోనూ జాగ్రత్త పడొచ్చు” అన్నారు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి ట్యూబు వెనక చదివాను. సువాసన గురించి ‘పెర్ఫ్యూమ్’ అని ఒకే ఒక్క మాట ఉంది.

యూరప్ దేశాల్లో, కొందరి చర్మానికి పడని లినలూల్, లిమొనీన్ లాంటి 26 సువాసన పదార్థాల్లో ఏదైనా, షేవింగ్ క్రీములా కడిగేసుకునే సరుకులో 0.01 శాతం దాటితే, పేరు పెట్టి రాయాల్సిందేనని ఎప్పటినుంచో నిబంధన ఉంది. 2023లో ఆ జాబితాను 80 దాటించారు. సహజమైన నూనెలే వాడామన్నా మినహాయింపు లేదు. లావెండరు నూనెలో లినలూల్, నిమ్మ తొక్క నూనెలో లిమొనీన్ పుట్టుకతోనే ఉంటాయి మరి. కంపెనీలు తమ తయారీ రహస్యమంతా చెప్పాలని ఎవరూ అడగడం లేదు. చాలామందికి పడని పదార్థాల పేర్లు చెబితే చాలు.

ఆ ట్యూబు ఇప్పుడు మా అబ్బాయే వాడుతున్నాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు. అందుకే అది చెడ్డ క్రీమని నేననను. 2020 నాటి మన కాస్మెటిక్స్ రూల్స్ కింద ఇలాంటి పదార్థాల పేర్లు ప్రతి ట్యూబు మీదా తప్పకుండా ఉండేలా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు కూడా ఈసారి క్రీముల మీద రాసేటప్పుడు వాసనతో పాటు బోరు నీళ్లలో నురగ ఎంతసేపు నిలిచిందో, ట్యూబు వెనక ఏం రాసి ఉందో కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్